ఆకుపచ్చ కుచ్చిళ్లు

పర్వత్ పాటియా, సూరత్
జూన్ 20, 2021

మరదలు శ్రీప్రియకు, మీ బావ ఓంకార్ రాస్తున్నది.

నా ఫోను నువ్వు ఎత్తడం లేదు. అందుకే కాగితం పట్టుకున్నాను. బడి మానేశాక ఇంత పొడుగు ఉత్తరం రాయడం ఇదే మొదలు. చింపేసేదుంటే చివరిదాకా చదివి చింపు.

మీ అక్క పోయి రెండు నెలలు దాటింది. గోడకు పెట్టడానికి మంచి ఫోటో లేదు. పెళ్లి ఫోటోలో పౌడరు రుద్ది, తల వంచించి, ఊర్మిళను ఊర్మిళ కాకుండా చేశారు. ఆధార్ కార్డు ఫోటో పెద్దది చేయించమని పక్క గది బాలవ్వ అన్నది. చేయించాను. చూడలేక బోర్లా పెట్టాను.

నువ్వు హైదరాబాదులో బొమ్మల కాలేజీలో చదివేటప్పుడు మీ అక్కకు ఒక బొమ్మ పంపావు. పెద్ద నల్ల టోపీ పెట్టుకున్న మొగుడు, ఆకుపచ్చ గౌనులో పెళ్లాం, వెనక గుండ్రటి అద్దం, కాళ్ల దగ్గర బొచ్చు కుక్క. అది మా స్టవ్ పక్క గోడకే ఉంది. నూనె చుక్కలు పడ్డాయి. మీ అక్క వంట చేస్తూ దాన్ని చూసేది. "గా గౌనుకు ఎంత బట్ట పట్టిందో సూడు. కుక్క ఎంటికలు సుత ఒక్కొక్కటి కనవడుతున్నయ్" అనేది. "మనం గూడ ఒకపారి గిట్ల నిలబడి శ్రీతోని గీయించుకోవాలె" అనేది.

నువ్వు మనుషుల బొమ్మలు గీస్తావు. మా ఇద్దరినీ అలా గీసి ఇవ్వు. మా గదిలోనే, పక్కపక్కన నిలబడి. ఆమె చెయ్యి నా చేతిలో ఉండాలి. ఆమెకు ఆకుపచ్చ చీర. ఇంకో మాట, ఇది మరిచిపోకు. ఆ బొమ్మలో ఆమె కుచ్చిళ్లు ముందుకు ఎత్తి పట్టుకుని నిండు మనిషిలా ఉంటుంది కదా. మీ అక్కను కూడా అట్లనే గీయి. కడుపు కనబడాలి.

అత్తమ్మ ఆరోగ్యం జాగ్రత్త.

ఓంకార్


హైదరాబాద్
జూలై 4, 2021

ఓంకార్ గారికి,

చివరిదాకా చదివాను. చింపలేదు. ఇందులో మీరు రాసిన ప్రతి మాటా నాకు సాక్ష్యంగా కావాలి.

ఏప్రిల్‌లో అమ్మ కరీంనగర్ ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంది. నేను బయట చెట్టు కింద కూర్చుని రోజూ అక్కకు మెసేజ్ పెట్టేదాన్ని. అక్క ఫోను నుంచి రోజూ జవాబు వచ్చేది. "తిన్న." "బాగనే ఉన్న." "అమ్మ పైలం." అమ్మను సిరిసిల్ల ఇంటికి తెచ్చిన మర్నాడు మీరు ఫోన్ చేసి, ఊర్మిళ పోయి పది రోజులైంది అన్నారు. ఆ పది రోజులు నాతో మాట్లాడింది ఎవరు? చనిపోయిన మనిషి ఫోను చేతిలో పట్టుకుని "తిన్న" అని కొట్టిన ఆ వేళ్లు ఎవరివి?

ఇప్పుడు ఆ మనిషికి బొమ్మ కావాలి. అదీ ఆ బొమ్మలాగా కావాలి. అసలు అదేమిటో తెలుసా మీకు? నేను ఏటా పిల్లలకు చెప్పే పాఠం అది. యాన్ వాన్ ఐక్ అనే చిత్రకారుడు 1434లో, బ్రూజెస్ అనే ఊళ్లో, ఒక బట్టల వర్తకుడికి గీసి ఇచ్చాడు. ఆ మొగుడి చెయ్యి చూడండి. భార్య చేతిని పట్టుకోలేదు. ఆమె అరచెయ్యి తెరిచి అతని చేతిలో పెడితే ఊరికే మోస్తున్నాడు. ఆమె అతని వైపు చూస్తోంది, అతను ఎటో చూస్తున్నాడు. పైన ఇత్తడి దీపాల గుత్తిలో వెలుగుతున్నది ఒక్క కొవ్వొత్తి, అతని వైపు. ఆమె వైపు కరిగి అయిపోయిన మైనమే. బొమ్మ గీసేనాటికి ఆమె చనిపోయి ఉందని వాదించేవాళ్లున్నారు. మీరు ఏరుకున్నది సరైన బొమ్మే.

కడుపు గురించి రాశారు. ఆమె గర్భవతి కాదు. చూసిన ప్రతివాళ్లూ చేసే పొరపాటే మీరూ చేశారు. ఆ కాలపు గౌనులకు కావలసినదానికంటే ఎక్కువ బట్ట పెట్టి, ముందుకు ఎత్తి పట్టుకునేవాళ్లు. అది సంపద చూపించుకోవడం. పెళ్లికాని సన్యాసినులను, దేవకన్యలను కూడా అదే ఆకారంలో గీశారు.

ఎనిమిదేళ్లు మీ వాళ్లు అక్కను ఒకే ప్రశ్న అడిగారు. రెండుసార్లు కడుపు నిలవకపోతే రెండుసార్లూ దాని తప్పే అన్నారు. చనిపోయాక కూడా వదలరా? బతికుండగా ఇవ్వలేనిది రంగులతోనైనా ఇవ్వాలా? మీ గోడ మీద మా అక్క కడుపు ఒక శుభ చిహ్నంలా, గుమ్మానికి మామిడాకుల్లా వేలాడాలా?

నేను గీయను.

శ్రీప్రియ


పర్వత్ పాటియా, సూరత్
జూలై 17, 2021

శ్రీప్రియకు,

"గారు" అని రాశావు. సరే.

ఆ మెసేజ్‌లు పెట్టింది నేనే. ఆ వేళ్లు నావే. ఎవరివని మళ్లీ అడగకు.

గీయకపోతే గీయకు, నిన్ను బలవంతం చేసేది లేదు. కాని ఆ టోపీవాని చేతిని చూపి నా చెయ్యి గురించి మాట్లాడకు. వాడెట్ల పట్టుకున్నాడో నీకు తెలుసు. నేనెట్ల పట్టుకున్నానో నీకు తెలియదు. తెలియనిదాన్ని ఇంత ఖచ్చితంగా ఎట్ల రాశావు? ఆ ఉత్తరం చదివి లూమ్ దగ్గరికి పోతే తెగిన పోగు కనబడలేదు. మేస్త్రీ తిట్టాడు. నేనూ తిరిగి తిట్టాను. ఇక్కడి సచిన్ మిల్లుల్లో ఇన్నేండ్లు పనిచేశాను, ఒకరి మీద నోరు లేపింది అదే మొదటిసారి.

మా అమ్మ కోసం కడుపు గీయమన్నానని అనుకున్నావు. కాదు. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

ఓంకార్


హైదరాబాద్
ఆగస్టు 1, 2021

ఓంకార్ గారికి,

మీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను వదలడం లేదు. తెలియనిదాన్ని ఇంత ఖచ్చితంగా ఎలా రాశావు అన్నారు. తెలియనిచ్చింది ఎవరు? తెలియకుండా దాచిన మనిషే నాకు తెలియదని నిలదీస్తున్నారు.

సరే, గీస్తాను. ఒక షరతు మీద.

ఆ బొమ్మ గురించి రెండు రకాలుగా మాట్లాడతారు. ఒకరు, అందులో ప్రతి వస్తువూ ఒక గుర్తు అంటారు. కుక్క విశ్వాసానికి, విడిచిన చెప్పులు పవిత్రమైన చోటుకు, ఒంటరి కొవ్వొత్తి దేవుడి కంటికి. ఇంకొకరు, అవన్నీ డబ్బున్న ఇంట్లో ఉండే సామానే, కుక్క కుక్కే, చెప్పులు చెప్పులే అంటారు. పరీక్షల కోసం నేను మొదటిది నేర్పిస్తాను. నమ్మేది మాత్రం రెండోదే. ఆ చిత్రకారుడు ఆ గదిలో నిలబడి చూశాడనిపిస్తుంది. బురద చెప్పుల చెక్క మీది మరకను కూడా వదలలేదు. అద్దం పైన గోడ మీద, తాను ఇక్కడ ఉన్నానని సంతకం చేశాడు. అద్దంలో గుమ్మం కనబడుతుంది, గుమ్మంలో ఇద్దరు మనుషులు ఉంటారు. చూసినవాళ్లు.

నేను అక్కడ లేను. ఉండనివ్వలేదు. ఉన్నది మీరొక్కరే. కాబట్టి చెప్పండి. మొదటి రోజు జ్వరం నుంచి చివరిదాకా. కిటికీ దగ్గర ఏముంది, నేల మీద ఏముంది, ఆమె ఏం కట్టుకుంది, ఏం అంది, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు. తీపి కలపకండి. నన్ను ఓదార్చకండి. మీరు దాచింది నాకు తెలిసిన రోజు బొమ్మను కాల్చేస్తాను.

శ్రీప్రియ


పర్వత్ పాటియా, సూరత్
ఆగస్టు 22, 2021

శ్రీప్రియకు,

అడిగావు. చదువు.

మా గది మూడో అంతస్తులో ఉంది. కిటికీ ఒకటే. కిటికీ దిమ్మె మీద ఏప్రిల్ నెలంతా మోసంబీలు ఉండేవి. నీ బొమ్మలో కిటికీ దగ్గరున్న నారింజలు డబ్బున్నవాళ్ల గొప్ప కావచ్చు. ఇవి డాక్టరమ్మ తినమన్నదని తెచ్చినవి.

మీ అక్కకు అప్పుడు ఐదో నెల.

రాశాను. ఇన్ని నెలలు ఈ మాట ఎవరితోనూ అనలేదు. మా అమ్మకు కూడా తెలియదు. రెండుసార్లు నిలవలేదు కాబట్టి ఈసారి ఐదు నిండేదాకా ఎవరికీ చెప్పొద్దన్నది. "ఆరు పడ్డనాడు ముందుగాల శ్రీకే ఫోన్ జేస్త. అది ఎట్ల ఒర్రుతదో ఇనాలె" అన్నది. ఇంకొక భయం కూడా ఉండేది. పల్సానా దిక్కు ఆమె పనిచేసే ఖాతాలో, అంటే కార్ఖానలో, చీరల దారాలు కత్తిరించి, మడతపెట్టి పెట్టెల్లో సర్దుతారు. కడుపుతో ఉందని తెలిస్తే పనిలోంచి తీసేస్తారు. అందుకే కొంగు వెడల్పుగా ముందుకు కప్పుకుని పోయేది.

ఏప్రిల్‌లో ఆమె వరుసలో సగం మందికి దగ్గు. ఆమెకు జ్వరం వచ్చింది. సూపర్‌వైజర్‌కు చెప్పుకుంది. పెళ్లిళ్ల మాలు, ఈ వారం లారీ ఎక్కాలి, ఎక్కినాక పడుకో అన్నాడట. నేను పోవద్దన్నాను. "పని పోతె మల్ల దొరుకుతదా? పుట్టేది నీ ఒక్కని పగార్‌తోని పెరుగుతదా?" అన్నది. పోయింది. మాలు ఎక్కేదాకా పోయింది.

ఊపిరి అందని రోజు పొద్దున్నే కిందికి తీసుకుపోయాను. మెట్లు దిగుతుంటే ఒక్కొక్క తలుపూ మూసుకుంది. బాలవ్వ ఒక్కతే మెట్టు మీద నీళ్ల సీసా పెట్టి లోపలికి పోయింది. ఆమెను నేను తప్పుపట్టను, ఇంట్లో పసిపిల్లలున్నారు. ఊర్మిళ తన చెప్పులు దొరకక నావి తొడుక్కుంది. మొదటి ఆసుపత్రి గేటు తెరవలేదు. రెండోచోట కడుపుతో ఉందని చెప్పగానే, కాన్పుల డాక్టరు లేదు, ఇంకో దిక్కు తీసుకుపో అన్నారు. ఆటోలో నా భుజం మీద తల పెట్టి, "చెప్పకుంటె చేర్చుకుందురు గదా" అన్నది. మూడోచోట చెప్పలేదు. తీసుకున్నారు.

స్ట్రెచర్ లోపలికి పోయేదాకా ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. నా చెయ్యి ఏం చేసిందో నీకు కావాలి కదా. పట్టుకుంది. వాళ్లు విడిపించారు.

నన్ను లోపలికి రానివ్వలేదు. ఒక నర్సమ్మ దయ తలిచి వీడియో కాల్ కలిపేది. అత్తమ్మకు ఆక్సిజన్ పెట్టారని, నా దగ్గరున్న ఆమె ఫోనుకు నీ మెసేజ్ వచ్చింది అప్పుడే. నేనే చదివి వినిపించాను. "శ్రీకి చెప్పకు. అది అమ్మను ఇడిసిపెట్టి ఉరికొస్తది. అమ్మ ఇంటికి పోయేదాంక నేను బాగున్ననని రాయి" అని ఒట్టు వేయించుకుంది. ఆ తర్వాత ఆమె పోయింది. నా దగ్గర ఒట్టు మిగిలింది. శ్మశానంలో వరుసలో నిలబడి ఉంటే నీ మెసేజ్ వచ్చింది, "అక్కా తిన్నవా" అని. "తిన్న" అని పెట్టాను. అది తప్పో ఒప్పో నాకు తెలియదు. మళ్లీ ఆ రోజే వస్తే మళ్లీ అదే చేస్తాను.

ఇప్పుడు చెప్పు. నేను మామిడాకులు కట్టమన్నానా? గుర్తు కోసం గీయమన్నానా? ఉన్నది గీయమన్నాను. ఐదు నెలల పాటు ఆమె కొంగు కప్పి దాచింది. బొమ్మలోనైనా దాచకుండా నిలబడాలి. అంతే నేను అడిగింది.

ఓంకార్


హైదరాబాద్
సెప్టెంబరు 19, 2021

బావా,

నీ ఉత్తరం వచ్చిన వారం ఆన్‌లైన్ క్లాసులో అదే బొమ్మ తెర మీద పెట్టాల్సి వచ్చింది. "చాలామంది పొరబడతారు, ఈమె గర్భవతి కాదు" అనే చోటికి వచ్చి ఆగిపోయాను. కాసేపటికి ఎవరో "మేడమ్, ఆడియో పోయింది" అన్నారు. పోయిందనే చెప్పి క్లాసు ముగించాను.

కోపం తగ్గిందని అనుకోకు. పెరిగింది. ఇంతకు ముందు నీ ఒక్కడి మీదే ఉండేది. ఇప్పుడు ఎంతమంది మీద పెట్టుకోవాలో తెలియడం లేదు. మాలు ఎక్కాలన్న ఆ సూపర్‌వైజర్ మీద. గేటు తెరవనివాళ్ల మీద. అక్క మీద కూడా. దాని మీద ఎక్కువ. నా చెల్లెలు ఉరికొస్తది అన్నదట. ఉరికొస్తే ఏమయ్యేది? అది నాకు రావాల్సిన పరుగు. దాన్ని నా దగ్గర లాక్కునే హక్కు దానికెక్కడిది?

నువ్వు ఒట్టు అంటున్నావు. ఊపిరాడని మనిషి వేయించుకున్న ఒట్టు అది. ఊపిరున్నవాడివి నువ్వు తెంపాల్సింది. నేను వచ్చినా అక్క బతికేది కాదు, తెలుసు. అయినా ఆ పది రోజుల్లో ఒక రోజు అమ్మకు ఆక్సిజన్ తీసేశారని సంతోషం పట్టలేక అక్కకు డాన్స్ చేసే కోతి బొమ్మ పంపాను. అప్పటికి అక్క లేదు. ఆ కోతిని నేనేం చేసుకోవాలి బావా? నువ్వు దానికి కూడా నవ్వు బొమ్మ పెట్టావు. అది నేను క్షమించలేను. ఎప్పటికైనా క్షమిస్తానని కూడా మాట ఇవ్వను.

ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ బొమ్మలో మంచం దగ్గర కుర్చీ వీపు మీద చెక్కిన చిన్న చెక్క బొమ్మ ఒకటి ఉంది. అక్క ఫోన్‌లో, "గా చెక్క బొమ్మ ఎవలే?" అని అడిగింది. కాన్పులప్పుడు ఆడవాళ్లను కాపాడే దేవత అంటారు అన్నాను. "అయితె మంచిదే" అంది. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగనిది ఈ మార్చిలో అడిగింది. నేను పాఠం చెప్పి ఫోన్ పెట్టేశాను.

అమ్మకు చెప్పలేదు. నా నోరు రాదు.

ముఖం మాత్రం చిన్న పలక మీద నూనె రంగుల్లో వేసి పంపుతున్నాను. పెద్ద బొమ్మకు ముందు ఇది సరిగ్గా కుదరాలి. చూసి చెప్పు.

శ్రీ


పర్వత్ పాటియా, సూరత్
నవంబరు 10, 2021

శ్రీప్రియకు,

పలక వచ్చింది. దీపావళికి ఖాతాలు బందు పెట్టారు కాబట్టి చాలాసేపు చూసే తీరిక దొరికింది. బాలవ్వ చూసి దండం పెట్టింది. అప్పుడు నాకు తెలిసింది ఏం తప్పయిందో.

ఇది గుళ్లో దేవత మొఖం. మీ అక్కది కాదు.

నాకు నచ్చలేదని కోపం తెచ్చుకుంటావు. తెచ్చుకో. తీపి కలపొద్దని నువ్వే అన్నావు, నువ్వు కలిపావు. శాంతంగా పోయినట్టు గీశావు. ఆమె శాంతంగా పోలేదు. చివరి కాల్‌లో మాస్కు పక్కకు లాగేసింది. "జరమని చెప్పిన. చెప్పిననా లేదా? నా నోటితోని చెప్పిన. మాలు ఎక్కాలె అన్నడు" అన్నది. నర్సమ్మ మాస్కు పెట్టబోతే చెయ్యి తోసేసి మళ్లీ అదే మాట అన్నది. నాతో ప్రేమగా ఒక్క మాట అనలేదు. బిడ్డ మాట అనలేదు. కోపంతోనే ఉంది. ఆ కోపమే నాకు మిగిలింది. నువ్వు దాన్ని తుడిచేసి, నవ్వీ నవ్వని పెదవులు పెట్టావు.

ఆమె పోయిన నెలకు ఖాతా నుంచి ఒకతను వచ్చాడు. పరామర్శకు వచ్చాడని కుర్చీ వేశాను. గుర్తింపు కార్డు, దారాలు కత్తిరించే చిన్న కత్తెర వాపస్ ఇమ్మన్నాడు. "కంపెనీ కా మాల్ హై" అన్నాడు. కార్డు ఇచ్చాను. కత్తెర దొరకడం లేదన్నాను. నా జేబులోనే ఉంది. బొమ్మలో ఆమె చేతికి అది ఇవ్వు.

ఆమె కోపం ఎట్ల ఉంటుందో నాకంటే ముందు నుంచి చూసినదానివి నువ్వు. నాకు గీయడం వస్తే నిన్ను అడిగేవాణ్నే కాదు.

ఓంకార్


హైదరాబాద్
ఫిబ్రవరి 13, 2022

బావా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. రాస్తే బూతులు రాసేదాన్ని. తర్వాత మూడో వేవ్ అన్నారు, నాకూ జ్వరం వచ్చింది, తగ్గింది. ఆ పలక మీద ముఖాన్ని గుడ్డతో తుడిచేశాను. నువ్వు చెప్పింది నిజం.

పాత చిత్రాల్లో మనుషులు కోపంగా ఉండరు. బొమ్మ గీయించుకునేవాళ్లు ఖర్చుపెట్టేది కోపం చూపించుకోవడానికి కాదు. ఆ ఆకుపచ్చ గౌను ఆవిడ ముఖంలో ఏముందో ఇన్ని వందల ఏళ్లుగా ఎవరికీ తేలలేదు. అక్క ముఖం చూస్తే ఎవరికైనా తేలాలి. అది నాకు తెలిసిన ముఖమే. చిన్నప్పుడు బడిలో నన్ను ఎవరైనా కొడితే అక్క వాళ్ల గుమ్మంలోకి పోయి నిలబడేది. అరిచేది కాదు. కింది పెదవి లోపలికి లాక్కుని, ముక్కు పుటాలు ఎగరేస్తూ, ఇంట్లో పెద్దవాళ్లు బయటికి వచ్చేదాకా కదిలేది కాదు. ఆ ముఖాన్నే పెట్టాను.

మిగతా అంతా మీ గదే. అక్క ఉన్నప్పుడు వచ్చి చూసిందీ, నువ్వు రాసిందీ కలిపాను. గొప్ప కోసం ఒక్క వస్తువు కూడా చేర్చలేదు. దీపాల గుత్తి లేదు, ట్యూబ్‌లైట్ ఉంది. మోసంబీలు ఉన్నాయి, ఒకటి కొంచెం వాడింది. ఆమె కాళ్లకు నీ చెప్పులు, మడమల వెనక జాగా మిగిలింది. చీర ఆకుపచ్చ మీద పల్చటి రంగు పొరలు, ఒకటి ఆరాక ఒకటి, ఆ పాతకాలపు ఆయన వేసినట్టే వేశాను. దానికే నెల పట్టింది. కుచ్చిళ్లు ఎత్తి పట్టుకోలేదు. ఎత్తాల్సిన అవసరం లేదు, కడుపు ఉంది. కుడి చేతిలో కత్తెర. ఎడమ చెయ్యి నీ చేతిలో. నువ్వు వదలకుండా పట్టుకున్నావు, వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి.

వెనక గోడకు మీ ప్లాస్టిక్ ఫ్రేము అద్దం పెట్టాను. అందులో గుమ్మం కనబడుతుంది. గుమ్మంలో ఎవరూ లేరు. నన్ను పెట్టుకోవాలని చాలాసార్లు బ్రష్ ఎత్తాను. లేనిదాన్ని ఎలా పెట్టుకుంటాను? సంతకం కూడా చేయలేదు. సంవత్సరం మాత్రం వేశాను.

మన వాడకట్టు సాంబయ్య మామ వచ్చే వారం మళ్లీ సూరత్ పనికి వస్తున్నాడు. ఆయన వెంట అమ్మ వస్తోంది. "నా బిడ్డ ఉన్న రూము సూస్త" అని పట్టుబట్టింది. నాకు పరీక్షల డ్యూటీ, రాలేను. బొమ్మను గుడ్డలో చుట్టి, చెక్క పెట్టెలో పెట్టి ఇచ్చాను. అమ్మ ఇంకా చూడలేదు. అమ్మకు చెప్పాల్సింది నువ్వు. ఈసారి నీకు అడ్డం రావడానికి ఏ ఒట్టూ లేదు.

శ్రీ


పర్వత్ పాటియా, సూరత్
మార్చి 6, 2022

శ్రీప్రియకు,

అత్తమ్మ ఇక్కడే ఉంది. నువ్వు ఫోన్‌లో అడిగితే "మంచిగనే ఉన్న" అని పెట్టేస్తున్నదట. జరిగింది నేను రాస్తున్నాను.

స్టేషన్ నుంచి వచ్చేటప్పుడు ఆటోలోనే చెబుదామనుకున్నాను. అన్నం తిన్నాక చెబుదామనుకున్నాను. సాంబయ్య మామ పెట్టె మేకులు పీకి, గుడ్డ విప్పి, బొమ్మను గోడకు ఆనించి పెట్టాడు. అత్తమ్మ చేతిలో పళ్లెం ఉంది. ముందు మొఖం చూసింది. తర్వాత కిందికి చూసింది. పళ్లెం నేల మీద పెట్టింది.

"ఎన్నో నెల?" అని అడిగింది.

ఐదు అన్నాను.

లేచి వచ్చి నన్ను కొట్టింది. చెంప మీద, భుజం మీద, చెయ్యి ఎక్కడ పడితే అక్కడ. "ఇద్దరు పోతె ఒక్కరని చెప్తివారా? నన్ను ఒక్కదానికే ఏడిపిస్తివారా?" అన్నది. సాంబయ్య మామ ఆపబోతే నేనే వద్దన్నాను. అలిసిపోయాక బొమ్మ ముందే కూర్చుంది. కత్తెర ఎందుకని అడిగింది. అప్పుడు అంతా చెప్పాను. జ్వరం, సూపర్‌వైజర్, మాలు, ఆటో, అన్నీ. అత్తమ్మ ఏడవలేదు. "గా కార్ఖాన ఎక్కడుంది? నన్ను తోల్కపో" అన్నది.

ఏం లాభం అత్తమ్మా, కొట్లాడితే పోలీసులను పిలుస్తారు అన్నాను. "నేనేం కొట్లాడ. ఒక్క మాట అడుగుత" అన్నది.

నిన్న తీసుకుపోయాను. వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపాడు. అత్తమ్మ గేటుకు అడ్డంగా నిలబడింది. అరవలేదు. కింది పెదవి లోపలికి లాక్కుంది. నువ్వు గీసిన మొఖం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. పొద్దుటి షిఫ్టు అయిపోయి ఆడవాళ్లు బయటికి రావడం మొదలైంది. దారి లేక లోపలే ఆగిపోయారు. వెనక మాలు ఎత్తిన టెంపో హారన్ కొట్టింది. అత్తమ్మ కదలలేదు. చివరికి సేట్‌ను పిలవక తప్పలేదు.

సేట్ మంచిగానే మాట్లాడాడు. సంగతి తెలుసుకుని చేతులు జోడించాడు. "బహుత్ దుఖ్ హువా, మాజీ. అచ్ఛీ వర్కర్ థీ" అన్నాడు. లోపలికి వచ్చి కూర్చొమ్మన్నాడు. నేను తెలుగులో చెప్పాను.

"కూసునుడు తర్వాత" అన్నది అత్తమ్మ. "ఎవలు పోయిండ్రని దుఃఖపడుతున్నడో పేరు చెప్పుమను."

నేను హిందీలో అడిగాను. సేట్ తన వెంట వచ్చిన సూపర్‌వైజర్ దిక్కు చూశాడు. సూపర్‌వైజర్ నేల చూశాడు. "వో... తెలుగువాలీ బెన్" అన్నాడు సేట్. ఆ తెలుగామె అని నేను తెలుగులో చెప్పే పనిలేకపోయింది, అత్తమ్మకు అర్థమైంది.

శ్రీ, ఆమె అక్కడ నాలుగేండ్లు పనిచేసింది.

"ఊర్మిళ" అన్నది అత్తమ్మ. "చెప్పుమను."

"హా హా, ఊర్మిలా" అన్నాడు సేట్.

"ఊర్మిలా గాదు. ఊర్మిళ."

లోపల ఆగిన ఆడవాళ్లలో ఒడియా ఆమె ఒకతె, మీ అక్క పక్కన కూర్చుని మడతలు పెట్టేదట, గట్టిగా ఆ పేరు పలికింది. సేట్ వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. ఆమె కళ్లు దించలేదు. టెంపో హారన్ ఆపేసింది. సేట్ మళ్లీ అన్నాడు, మళ్లీ తప్పు పోయింది. అత్తమ్మ వేలెత్తి, ఒకటో తరగతి పిల్లవానికి చెప్పినట్టు నాలుక ఎక్కడ తాకాలో చూపించింది.

మూడోసారికి వచ్చింది. అప్పుడు అత్తమ్మ గేటు వదిలింది.

ఓంకార్